జానెడున్నర ఎక్కువ కోర్టు

కాలనీలో నల్లా కారితే అందరికీ గుర్తొచ్చేవాడిని, కారడం ఆగగానే అందరూ మరిచిపోయేవాడిని నేను. సివిల్ మెయింటెనెన్స్ ఇంజనీరుగా నా సర్వీసులో ఎక్కువ భాగం ములకలపల్లి అడవి అంచున ఉన్న ఒక కంపెనీ కాలనీలో గడిచింది. కంపెనీ పేరు రాయను. పెన్షన్ తీసుకుంటూ పరువు తీయడం బాగుండదు.

ఈ మధ్య అలాంటి ఉద్యోగంలోనే చేరబోతున్న కుర్రాళ్ళు కొందరు మా ఇంటికొచ్చి, "సార్, ఈ పనిల ముందుగాల ఏం నేర్చుకోవాలె?" అని అడిగారు. సిమెంటు పాళ్ళు, డ్రాయింగులు మీకు కాలేజీలో చెప్పే ఉంటారు. ప్రమోషన్ల సంగతి మీ ఇంట్లోవాళ్ళు రోజూ చెబుతూనే ఉంటారు. నేను చెప్పగలిగింది ఒక టెన్నిస్ కోర్టు కథ. అంతకు ముందు రెండు బకెట్ల కథ.

బకెట్లు

నేను చేరిన కొత్తలో ఒక వానాకాలం క్వార్టర్ల కప్పులు కారాయి. పైనుంచి ఒక ఆఫీసరు చూడ్డానికి వచ్చారు. ఒక ఇంట్లో ముందుగదిలో రెండు బకెట్లు పెట్టి ఉన్నాయి. ఆయన వాటిని చూసి మొహం చిట్లించి, "ముందు ఆ బకెట్లు తీసెయ్యండి, చూడ్డానికి బాగాలేవు" అన్నారు. తీసేశాం. ఆయన ఆ గదిలో నిలబడి కప్పు చూసినంతసేపూ అటెండరు ఆయన నెత్తి మీద గొడుగు పట్టుకున్నాడు. బయటికొచ్చాక, "పెద్దగా కారుతున్నట్టు లేదే" అన్నారు. ఆయన మీద ఒక్క చుక్క పడలేదు మరి.

అప్పుడే నాకు ఈ ఉద్యోగం అర్థమైంది. కారడం ఆపడం మేస్త్రీకి తెలుసు. కారుతోందని పైవాళ్ళకు తెలియజెయ్యడమే మన పని. ఆ పని ఎంత కష్టమో మీకు త్వరలోనే తెలుస్తుంది, తొందరేం లేదు.

ఆ గొడుగు ఆఫీసరు చెడ్డ బాసు. చెడ్డ బాసు దగ్గర మనం భయపడి అబద్ధం చెబుతాం. మంచి బాసు దగ్గర ఆయన మీద ఇష్టం కొద్దీ చెబుతాం. నన్నడిగితే రెండో రకమే ఎక్కువ ప్రమాదం. మొదటి అబద్ధం ఆయన బదిలీ అవగానే పోతుంది. రెండోది కాలనీలోనే కాపురం పెడుతుంది.

మా జి.ఎం. సారు మంచి బాసు.

సారు డ్రైవు

ఆయనది కొత్తగూడెం వైపు. మనిషి భారీ, మనసు అంతకన్నా పెద్దది. ఎవరింట్లో జబ్బు చేసినా భద్రాచలం దవాఖానాకు తన జీపే పంపేవారు. నేను ఆంధ్రా సరిహద్దులోని ఎర్రుపాలెం నుంచి వచ్చినవాడిని కాబట్టి నేను "ఏంటండీ" అనగానే, "ఏందండీ అనుండ్రి ఇంజనీరు సాబ్, గప్పుడే మా బిల్డింగులు నీ మాట ఇంటయ్" అని నవ్వించేవారు. ఆయనకున్న ఒకే ఒక బలహీనత సాయంత్రం క్లబ్బులో ఆడే టెన్నిస్.

ఆటలో ఆయన బలం ఒక్క దెబ్బే. కుడివైపు నుంచి మొత్తం ఒళ్ళంతా పెట్టి కొట్టే పొడుగాటి డ్రైవు. బంతి నెట్టు దాటి, అవతలివాడిని దాటి, వెనక గీత దగ్గరకెళ్ళి పడేది. గీత దగ్గరే అన్నాను, గీత లోపల అనలేదు. క్లబ్బులో ఆ రెంటికీ తేడా ఉండేది కాదు. బంతి పడగానే సారు రాకెట్ చంకలో పెట్టుకుని, "మల్లేశం, ఏంది?" అని అడిగేవారు. మల్లేశం క్లబ్బు మార్కరు. అంటే ఆఫీసర్లతో ఆడి, వాళ్ళకు ఆట నేర్పి, కోర్టుకు నీళ్ళు కొట్టి, రోలరు లాగి, సున్నంతో గీతలు గీసేవాడు. అతను ఎప్పుడూ ఒకే మాట చెప్పేవాడు.

"ఇన్ సార్. గీత మీదనే."

సారు ఎప్పుడూ క్లబ్బు వరండా వైపు నుంచే ఆడేవారు. ఎందుకంటే టీ అక్కడికే వస్తుంది. సారు అటు మారరు కాబట్టి ఇంకెవరూ మారేవారు కాదు. కోర్టుకు రెండో వైపు టేకుచెట్లు, వాటి ముందు ఇనుప కంచె. సారు బంతులన్నీ ఆ టేకుచెట్ల వైపే పడేవి.

ఇంట్లో మావాళ్ళు పులులు. గోదావరి దగ్గర సారపాక వైపు ఇంకో క్లబ్బు ఉంది, వాళ్ళు మా దగ్గరికి ఫ్రెండ్లీ మ్యాచ్‌కు వస్తే ఓడిపోయి, బిర్యానీ తిని వెళ్ళేవారు. మేం వాళ్ళ దగ్గరికి వెళితే మా సారు డ్రైవులన్నీ ఔటయ్యేవి. ఒక ఏడాది మా కమిటీకి అనుమానం వచ్చింది. వాళ్ళ కోర్టు పొట్టిగా ఉందని తీర్మానించి, టీ తాగే నెపంతో ఒక మెంబరు టేపు జేబులో వేసుకుని వెళ్ళి కొలిచి వచ్చాడు. కొలత కరెక్టే. దాంతో కమిటీ మళ్ళీ కూర్చుని, తప్పు గోదావరి గాలిదని తేల్చింది. ఆ గాలి బంతిని కొంచెం ముందుకు మోస్తుందట. మన కోర్టు కూడా ఒకసారి కొలిచి చూద్దామని మాత్రం ఎవరికీ తట్టలేదు.

ఇంకో అనుమానం కూడా ఉండేది. టేకుచెట్ల వైపు ఆడేవాళ్ళ వీపులు కంచెకు తగిలేవి. కంచె ముందుకు వాలుతోందని ఫిర్యాదు వస్తే, నాకు ముందున్న ఇంజనీరు దాన్ని వెనక్కి జరిపించి పుణ్యం కట్టుకున్నాడు.

పుట్టమన్ను, తునికాకు

సారు రిటైర్మెంట్ దగ్గరపడింది. వెళ్ళేలోపు కోర్టు బాగుచేయించాలని ఆయన కోరిక. ఎర్రమట్టి అక్కడక్కడా లేచిపోయి, బంతి ఎటు లేస్తుందో దేవుడికే తెలియాలి. పాతది తవ్వేసి, కింద కంకర, దాని మీద మొరం, పైన పుట్టమన్ను, ఇటుకపొడి కలిపి పరవాలి. సున్నం గీతల బదులు ఈసారి నైలాన్ పట్టీలు పరిచి మేకులు కొట్టాలి. కొత్త కోర్టు మీద మొదటి ఆట సారు వీడ్కోలు మ్యాచ్, సారపాక వాళ్ళతో. ఆ తర్వాతి వారం జిల్లా జూనియర్ సెలక్షన్లు కూడా అక్కడే జరుపుకోమని సారు మాటిచ్చేశారు.

ఎండాకాలంలో పని మొదలుపెట్టాం. మీరు ఈ వైపు పనిచేస్తే ఒకటి గుర్తుంచుకోండి, బీడీలు చుట్టే తునికాకు సీజన్లో కూలీలను నమ్ముకుని తేదీ చెప్పకండి. ఒకరోజు పొద్దున సైటుకు వెళితే నేనూ రోలరూ తప్ప ఎవరూ లేరు. అందరూ ఆకు కోతకు అడవిలోకి వెళ్ళిపోయారు. ఆకు అయిపోయాకే వచ్చారు. పుట్టమన్ను దగ్గర ఇంకో చిక్కు. చెదలు విడిచిపెట్టిన పుట్టనే తవ్వుతాం, జీవమున్నదాన్ని ముట్టేది లేదన్నారు కూలీలు. ఏది విడిచిందో, ఏది విడవలేదో తేల్చడానికి పసుపు, కుంకుమ, పాలు పట్టుకుని నేను కూడా అడవంతా తిరిగాను. ఇంజనీరింగ్ కాలేజీలో ఈ పేపరు లేదు.

టేపు

తవ్వే ముందు పాత కోర్టు కొలత తీసుకోవాలి కదా అని టేపు పట్టాను. నెట్టు నుంచి వరండా వైపు గీత దాకా సరిగ్గా ఉంది. నెట్టు నుంచి టేకుచెట్ల వైపు గీత దాకా జానెడున్నర ఎక్కువ వచ్చింది. టేపు మెలిక పడిందేమోనని మళ్ళీ కొలిచాను. తర్వాత టేపు మీదే అనుమానం వచ్చి స్టోర్సు నుంచి ఇంకోటి తెప్పించాను. అదీ అదే చెప్పింది.

"ఏంటి మల్లేశం ఇది?" అన్నాను.

మల్లేశం చేతిలో చీపురు పట్టుకుని అటూ ఇటూ చూశాడు. "సార్, సారుకు చెప్పరు గద?" అన్నాడు. తర్వాత మెల్లగా చెప్పాడు.

సారుకు ఒక అలవాటు. సాయంత్రం ఆడిన మంచి డ్రైవు మచ్చ మట్టి మీద ఉంటుంది కదా, "గా మచ్చ తుడువకు మల్లేశం, గట్లనే ఉండనీ" అని చెప్పి వెళ్ళేవారు. మర్నాడు పొద్దున వాకింగ్‌కు వచ్చి, పక్కన ఎవరుంటే వాళ్ళకు చూపించేవారు. ఆ మచ్చ గీతకు బయట ఉంటే ఎలా? ముందురోజు గీత మీదే అని చెప్పింది మల్లేశమే. అందుకని సారు వచ్చేలోపు మల్లేశం వచ్చి, పాత సున్నం చెరిపి, మచ్చ తగిలేలా కొత్త గీత గీసేవాడు.

"ఎప్పటికప్పుడు గింతంతనే సార్, వేలంత గూడ గాదు," అన్నాడు మల్లేశం. "గిట్ల పోయిందని నాకు గూడ తెల్వదు."

నాకు నవ్వాగలేదు. కంచె, కమిటీ, గోదావరి గాలి అన్నీ ఒక్కసారి గుర్తొచ్చి కోర్టు మధ్యలో కూర్చుని నవ్వాను. కాసేపటికి మల్లేశం నవ్వట్లేదని గమనించి ఆపేశాను.

"మా శ్రావణి పోయినసారి సెలక్షన్ల ఓడింది గద సార్," అన్నాడు. "అంతకు ముందుగూడ ఓడింది. అన్నీ ఔటే. లోపల ఎందుకు పడతలేవు బిడ్డా అంటే, నాకు తెల్వది నాయనా, ఇంటికాడ పడతయి అంటది."

శ్రావణి అతని కూతురు, ఇంటర్ చదువుతోంది. రోజూ పొద్దున్నే ఆ కోర్టు మీదే తండ్రి దగ్గర ఆట నేర్చుకుంది. బంతుల బుట్ట వరండాలో ఉంటుంది కాబట్టి ఆ పిల్ల కూడా అటు నుంచే, టేకుచెట్ల వైపుకే కొట్టేది. సారును సంతోషపెట్టడానికి తండ్రి గీసిన గీత కూతురి చేతికి తప్పు కొలత నేర్పింది. ఆ మాట మల్లేశం నోటితో చెప్పలేదు. చీపురు కింద పెట్టి మొహం తుడుచుకున్నాడు, అంతే. నా నవ్వుకు నాకే సిగ్గేసింది.

"సరిగ్గా కొడదాం," అన్నాను. "కొత్తది పట్టీలు కదా, ఇక గీత ఎవరి మాటా వినదు."

"గదే నా భయం సార్," అన్నాడు.

అతని భయం అర్థం కావాలంటే మీకు క్లబ్బు రూలు తెలియాలి. కోర్టు ఆఫీసర్లది. మార్కరు బిడ్డ పొద్దున ఆడుకోవడం సారు నోటిమాట మీద నడుస్తోంది. సారుకు వీడ్కోలు మ్యాచ్‌లో, వచ్చిన చుట్టాల ముందు, డ్రైవులన్నీ ఔటై పరువు పోతే? ఆయనకు కోపం వచ్చి, వెళుతూ వెళుతూ ఆ మాట వెనక్కి తీసుకుంటే? అలాగని గీత తప్పుగా కొడితే ఆ పిల్ల ఆట ఎప్పటికీ తప్పే. గీత సరిగ్గా ఉంటే ఆడుకోవడానికి కోర్టుండదు, కోర్టుంటే గీత సరిగ్గా ఉండదు.

"గీతను మ్యాచ్ దాక గట్లనే ఉంచి, అయినంక జరుపుదామా సార్?" అన్నాడు మల్లేశం. కొత్త మట్టిలో ఒకసారి దింపిన మేకులు పీకితే అంచులు పెళ్ళలు లేచిపోతాయి, వారంలో సెలక్షన్లకు అవి గట్టిపడవు. అదే చెప్పాను.

ఈ మాటల మధ్యలోనే శ్రావణి తండ్రికి టిఫిన్ డబ్బా తెచ్చింది. ఎంతసేపటి నుంచి వింటోందో తెలియదు. "నాయనా, గీతను నువ్వు జరిపినవా?" అంది. మల్లేశం తలొంచుకున్నాడు. ఆ పిల్ల గీత దగ్గరికెళ్ళి, చెప్పు కొనతో దాన్ని కాసేపు గీకింది.

"తీగలు లూజైనయని నా రాకెట్ ఎన్నిసార్లు ఖమ్మం పంపినవ్ నాయనా," అంది చివరికి. తర్వాత నా వైపు తిరిగి, "సరిగ్గ కొట్టుండ్రి సార్. కోర్టు పోతే పోనీ. గీత యాడుందో నాకు తెలుస్తది గద" అంది.

ఇక నేను ఆలోచించలేదు. పట్టీలు సరైన కొలతకే కొట్టించాను. అది నా ధైర్యమని అనుకోకండి. ఆ పిల్ల అలా అన్నాక ఇంకోలా కొట్టించే ధైర్యం లేకపోయింది.

మ్యాచ్

వీడ్కోలు మ్యాచ్ రోజు వరండా నిండిపోయింది. కమిటీ వాళ్ళు తెల్లబట్టలు ఇస్త్రీ చేయించుకుని వచ్చారు. సారపాక వైపు నుంచి వచ్చిన డాక్టరుగారు సన్నగా, మర్యాదగా ఉన్నారు. ఎప్పుడూ మా దగ్గర ఓడిపోయి బిర్యానీ తిని వెళ్ళే మనిషి, ఈసారీ అందుకే సిద్ధపడి వచ్చినట్టున్నారు. సారు అలవాటుగా వరండా వైపు నిలబడ్డారు. గీత చూసే పని మల్లేశానిది. బంతులు అందించడానికి శ్రావణి టేకుచెట్ల వైపు నిలబడింది.

మూడో పాయింటుకో నాలుగో పాయింటుకో సారుకు నచ్చిన బంతి వచ్చింది. ఒళ్ళంతా పెట్టి కొట్టారు. చక్కటి దెబ్బ. పాత కోర్టయితే అందరం చప్పట్లు కొట్టేవాళ్ళం. బంతి కొత్త గీతకు జానెడు అవతల పడి, కొత్త మట్టి మీద అందరికీ కనిపించేలా మచ్చ పెట్టింది.

సారు రాకెట్ చంకలో పెట్టుకున్నారు. "మల్లేశం, ఏంది?"

మల్లేశం నోరు తెరిచాడు. మూశాడు. డాక్టరుగారు మచ్చ వైపు చూడకుండా ఆకాశం వైపు చూశారు. వరండాలో టీ గ్లాసులు చప్పుడు ఆపేశాయి. నేను నా చెప్పుల్ని చూసుకుంటున్నాను.

"ఔట్ సార్," అంది శ్రావణి.

సారు అర్థం కానట్టు చూశారు. ఆ మాట ఆ క్లబ్బులో ఆయన గురించి ఎవరూ అని ఉండరు. "సరిగ్గ చూసినవా బిడ్డా?"

"చూసిన సార్. జానెడు."

ఆట సాగింది. ఆయన కొట్టడం, ఆ పిల్ల ఔట్ అనడం. మొదట్లో మెల్లగా అంది, తర్వాత గట్టిగానే అంది. మల్లేశం మొహం మాత్రం చూడలేకపోయాను. సారు ఓడిపోయారు, బాగానే ఓడిపోయారు. కమిటీ వాళ్ళు వెంటనే పనిలోకి దిగారు. కొత్త మట్టి ఇంకా కుదురుకోలేదని ఒకరు, బంతుల డబ్బా మారిందని ఇంకొకరు. గోదావరి గాలి ఈసారి వాళ్ళ కార్లోనే వచ్చిందని మూడోవారు. శాలువా కప్పినప్పుడు సారు రెండు ముక్కలు మాట్లాడి కూర్చున్నారు. బిర్యానీ సరిగ్గా తినలేదు.

మచ్చ

మర్నాడు పొద్దున కొత్త కోర్టుకు నీళ్ళు సరిగ్గా పడుతున్నాయో లేదో చూడ్డానికి వెళ్ళాను. నిజం చెప్పాలంటే నీళ్ళ కోసం కాదు. మల్లేశం నీళ్ళు కొడుతున్నాడు. శ్రావణి రాకెట్ సంచి తెరవకుండా పక్కన నిలబడింది. వెళ్ళిపొమ్మంటారేమోనని దాన్ని కట్టే ఉంచినట్టుంది.

సారు వచ్చారు. గుడ్ మార్నింగ్‌లు అయ్యాక, "ఇంజనీరు సాబ్, టేపున్నదా?" అన్నారు. ఇచ్చాను. ఒక కొస నన్ను పట్టుకోమని, రెండు వైపులా తానే కొలిచారు. తర్వాత టేపు చుడుతూ అడిగారు.

"పాతది?"

"టేకుచెట్ల వైపు జానెడున్నర ఎక్కువుండేది సార్."

సారు మల్లేశం వైపు చూశారు. మల్లేశం చేతిలో పైపు ఒకే చోట కారుతూ చిన్న గుంట చేసింది. సారు తెలివైన మనిషి, తనలో తాను లెక్క కట్టుకుంటున్నట్టు టేకుచెట్ల వైపు గీత వెంట ఒకసారి అటూ ఇటూ నడిచారు.

"మచ్చ తుడువకు అన్నది నేనే గద," అన్నారు చివరికి.

వెళ్ళి వరండా మెట్టు మీద కూర్చున్నారు. అంత పెద్ద మనిషి ఆ పొద్దు చిన్నగా కనిపించారు. నాకు ఆయన మీద జాలేసింది. మా అందరి మీదా కోపం వచ్చింది. అంత మంచి మనిషికి ఆట ఎట్లా ఉందో చెప్పడానికి మాలో ఒక్కరికీ ఆయన మీద ఉన్న ఇష్టం సరిపోలేదు.

కాసేపయ్యాక ఆయనే లేచారు. "శ్రావణీ, సంచి ఇప్పు. సెలక్షన్లకు ఇంక వారమే ఉన్నది. నీకు గీత దొరికిందా?"

"నిన్న సారపాక సారోళ్ళు పోయినంక కొట్టి చూసిన సార్. దొరుకుతున్నది."

"మరి నాకు గూడ జర దొరకవట్టియ్యి. నువ్వు టేకుచెట్ల దిక్కు పో."

శ్రావణి తండ్రి వైపు చూసింది, గబగబా సంచి విప్పింది. సారు వరండా వైపు నుంచి కొట్టారు. ఔట్. ఇంకోటి, అదీ ఔట్. "సార్, గంత జోరుగ వద్దు, చెయ్యి జర ముందుగాలనే ఆపుండ్రి" అని ఆ పిల్ల చెబుతుంటే, రేపో మాపో రిటైరయ్యే జి.ఎం. తల ఊపుతూ వింటున్నారు. ఇలాంటి దృశ్యం నా సర్వీసులో ఇంకోటి లేదు. మీకు దొరికితే మీరు అదృష్టవంతులు.

చాలా బంతుల తర్వాత ఒకటి గీత దగ్గర పడింది. సారు రాకెట్ చంకలో పెట్టుకున్నారు.

"ఏంది?"

మల్లేశం అలవాటు కొద్దీ నోరు తెరిచాడు. సారు చెయ్యెత్తి ఆపారు.

"నువ్వు గాదు. బిడ్డా, నువ్వు చెప్పు."

శ్రావణి దగ్గరికెళ్ళి, మోకాళ్ళ మీద చేతులు పెట్టి వంగి మచ్చ చూసింది. తొందరపడలేదు.

"ఇన్ సార్."

"నిజంగనా?"

"అవ్ సార్. గీత మీదనే."

సారు ఆట మధ్యలో ఎన్నడూ లేనిది నెట్టు పక్కనుంచి నడిచి టేకుచెట్ల వైపు వెళ్ళి, తన మచ్చను తానే చూసుకున్నారు.

"మల్లేశం," అన్నారు, "గా మచ్చ తుడువకు. రేపు పొద్దుగాల వచ్చి మల్ల చూస్త."